సున్నా బైట్ల ఫైలు

మిర్చి కొట్టు వాళ్ళకి పీహెచ్‌పీ (వెబ్‌సైట్లు రాసే భాష)లో ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రామ్ ఉంది, రోజూ రేట్ల పీడీఎఫ్‌లు వేరే సైటు నుంచి దించుకునేది. ఇవాళ మళ్ళీ మొరాయించింది. ఫోల్డర్లో ఫైళ్ళున్నాయి, ఒక్కటీ తెరుచుకోదు. "నెట్ స్లో అయ్యుంటుందండీ" అంటారు. నెట్ కాదు. ఫైలు సైజు చూస్తే సగం జబ్బు తెలిసిపోతుంది.

సున్నా బైట్లుంటే, ఫైలు తెచ్చే పీహెచ్‌పీ ఫంక్షన్ ఫైల్_గెట్_కంటెంట్స్ ఫాల్స్ (తేలేకపోయానని) ఇచ్చింది, స్క్రిప్టు దాన్నే తీసుకెళ్ళి ఫైల్లో రాసేసింది. కేబీయో అరకేబీయో ఉంటే అది కర్ల్ (ఫైళ్ళు దించే మరో సాధనం) దించింది: నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే %పీడీఎఫ్ అని మొదలవ్వాల్సిన చోట హెచ్‌టీఎంఎల్ (వెబ్‌పేజీ కోడ్) కనిపిస్తుంది. అందులో 301 ఉంటే అడ్రసు మారింది. ఫాలోలొకేషన్ అనే సెట్టింగ్ మనం ఆన్ చేస్తే తప్ప కర్ల్ కొత్త అడ్రసుకి వెళ్ళదు. 403 అంటే సైటు రానివ్వలేదని, అప్పుడు ముందు యూజర్ ఏజెంట్ (అడిగేది ఏ బ్రౌజరో చెప్పే పేరు) పెట్టి చూడాలి.

ఒళ్ళు మండేది మాత్రం ఫంక్షన్ ముందు తగిలించే ఆ @ గుర్తు (హెచ్చరికలు దాచేది) మీద. అలౌ_యూఆర్ఎల్_ఫోపెన్ (నెట్ అడ్రసుల నుంచి ఫైలు తెరవనిచ్చే సెట్టింగ్) ఆఫ్‌లో ఉందని పీహెచ్‌పీ తెలుగు మాస్టారిలా విడమరిచి చెబుతుంటే నోరు నొక్కేస్తారు! లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. ఇక వెతుక్కోవడమే.

2021 సెప్టెంబర్ 30 గుర్తుందా? సైట్లకి భద్రతా సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడుకున్న పాత రూట్ సర్టిఫికెట్ (మిగతా వాటికి మూలమైనది) గడువు ఆ రోజుతో తీరింది. ఓపెన్ఎస్ఎస్ఎల్ (భద్రతా లైబ్రరీ) 1.0.2 ఉన్న పాత సర్వర్లలో కర్ల్ ఎర్రర్ 60, అంటే సర్టిఫికెట్‌ని నమ్మలేనని. చాలామంది వెరిఫైపీర్‌ని (సర్టిఫికెట్ తనిఖీని) ఫాల్స్ చేసి చేతులు దులుపుకున్నారు. ఆ లైన్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, దారిలో ఎవరు ఫైలు మార్చినా పట్టించుకోకుండా. చేయాల్సింది కొత్త క్యాసర్ట్ ఫైలు (నమ్మదగిన రూట్ల జాబితా) తెచ్చి, సెట్టింగుల ఫైలు పీహెచ్‌పీ.ఐఎన్ఐలో కర్ల్.సీఏఇన్ఫోకి దాని దారి ఇవ్వడం. ఆ పాత రూట్‌ని తీసేయడం కూడా.

అన్నీ కర్ల్‌కి మార్చేయండని రాద్దామనే కూర్చున్నా. రాస్తుంటే అలా అనిపించట్లేదు. స్టేటస్ 200 (అంతా సవ్యం) అవునా కాదా చూడనివాడికి కర్ల్ ఇస్తే 403 పేజీని కూడా పీడీఎఫ్ పేరుతో దాచిపెడుతుంది. ఆ సున్నా బైట్ల ఫైలే నయం, లోపం వెంటనే కనబడుతుంది.

(లైటు తీయమని నాన్నగారి కేక. ఐదు నిమిషాలు.)

రేపు కొట్టు స్క్రిప్టులో @ తీసేయాలి. కర్ల్ టైమవుట్ మామూలుగా సున్నా, అంటే ఎంతసేపైనా ఆగుతుంది. 60 సెకన్లు పెట్టాలి. ముందు .పార్ట్ పేరుతో దించి, మొదటి నాలుగు బైట్లు సరిచూశాకే అసలు పేరు పెట్టాలి. లింకులో ఫైలు పేరుకి రాయూఆర్ఎల్‌ఎన్‌కోడ్ (ఖాళీల్ని లింకుకి తగ్గ గుర్తులుగా మార్చే ఫంక్షన్) కూడా కావాలి, ఆ సైటువాళ్ళు పేర్ల మధ్య ఖాళీలు వదులుతారు.