కుక్కర్ కూతల మధ్య వినగలిగే పాడ్‌కాస్టులు

మొన్న ఆఫీసులో ఒకమ్మాయి "అక్కా, నీ చెవిలో ఎప్పుడూ ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది, ఏం వింటావో నాకూ చెప్పవా" అంది. వాట్సాప్‌లో నాలుగు పేర్లు పంపాను. వారం తర్వాత అడిగితే ఒక్కటీ పూర్తిగా వినలేదట, బోర్ కొట్టిందట. తప్పు నాదే. ఏది వినాలో చెప్పాను గానీ ఏ పని చేస్తూ వినాలో చెప్పలేదు.

ఊరికే కుర్చీలో కూర్చుని వినమంటే నా వల్ల కాదు, రెండు నిమిషాల్లో చెయ్యి ఫోన్ మీదకి పోతుంది. పాడ్‌కాస్ట్ అనే మాట పుట్టింది 2004లోనే అయినా ఇలా వినడం మనకి కొత్తేం కాదు. విజయవాడ రేడియోలో ఉషశ్రీ గారు భారతం చెబుతుంటే మా అమ్మమ్మ చింతపండు గింజలు తీస్తూ వినేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. చేతికి పని లేకపోతే చెవి కూడా నిలబడదేమో.

పొద్దున వంటింట్లో నాకు కిరణ్‌ప్రభ గారి టాక్ షోలే. కాలిఫోర్నియాలో ఉంటూ కౌముది వెబ్ పత్రిక నడిపే ఆయనే. పాత సినిమావాళ్లు, రచయితలు, చరిత్రలో మనం సగం మర్చిపోయినవాళ్లు, ఒక్కొక్కరి గురించి భాగాలు భాగాలుగా చెప్పుకొస్తారు. ఆ చెప్పడంలో తొందర ఉండదు. మధ్యలో మిక్సీ వేసుకుని, పాలు పొంగకుండా దింపుకుని, ఎవరో బెల్ కొడితే వెళ్లి తలుపు తీసి వచ్చినా కథ మన కోసం ఆగినట్టే ఉంటుంది, ఎక్కడున్నామో వెతుక్కోనక్కర్లేదు. వంటింట్లోకి ఇంతకన్నా గొప్ప లక్షణం ఇంకోటి లేదు. దీనికి పూర్తిగా వ్యతిరేకం సీరియల్ అనే అమెరికా పాడ్‌కాస్ట్. 2014లో వచ్చింది, బాల్టిమోర్‌లో 1999లో ఒక స్కూలు అమ్మాయి హత్య గురించి, ఒక్కో ఎపిసోడ్‌లో ఒక్కో ముడి విప్పుకుంటూ పోతారు. ఒక్క వాక్యం జారిపోయినా వెనక్కి వెళ్లాల్సిందే. చాలా బావుంటుంది, కాదనను. కానీ అది వింటూ పోపు పెట్టకండి. నేను పెట్టాను, ఆ రోజు ఉప్మా ఎవరూ తినలేదు.

మెట్రోలో మాత్రం లెక్క వేరు. మియాపూర్‌లో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగేసరికి ముప్పావుగంట పైనే పడుతుంది, బీబీసీ వాళ్ల ఇన్ అవర్ టైమ్ ఎపిసోడ్ కూడా ఇంచుమించు అంతే. 1998లో మొదలైంది, మెల్విన్ బ్రాగ్ అనే పెద్దాయన 2025 దాకా వెయ్యికి పైగా ఎపిసోడ్లు నడిపాడు. ముగ్గురు ప్రొఫెసర్లను కూర్చోబెట్టి ఒకే ఒక్క విషయం మాట్లాడించేవాడు. ఒక వారం ఏదో గణిత సిద్ధాంతం, ఇంకో వారం ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన ఒక రాజ్యం. ఎవరైనా దారి తప్పి సొంత డప్పు మొదలుపెడితే మొహమాటం లేకుండా ఆపేసేవాడు. నాకదే నచ్చింది, మా మీటింగుల్లో ఆయన ఉంటే బావుండు అనిపిస్తుంది. ఆ యాస మొదట్లో కాస్త ఇబ్బంది పెడుతుంది, స్పీడ్ కొంచెం తగ్గించుకోండి, సిగ్గేం లేదు.

ఇక నేను అందరికీ ముందు చెప్పేది 99 పర్సెంట్ ఇన్విజిబుల్. రోమన్ మార్స్ 2010లో మొదలుపెట్టాడు. మన చుట్టూ ఉండి కూడా మనం పట్టించుకోని కట్టడాలు, వస్తువుల గురించి. అందులో న్యూయార్క్ సిటీకార్ప్ బిల్డింగ్ ఎపిసోడ్ ఒక్కటి వినండి చాలు. 59 అంతస్తుల భవనం, స్థలంలో ఒక మూల చర్చి ఉందని స్తంభాలు మూలల్లో కాకుండా ఒక్కో వైపు మధ్యలో పెట్టారు, అంటే నాలుగు మూలలూ గాల్లోనే ఉంటాయి. కట్టేశాక, జనం ఆఫీసులు కూడా పెట్టుకున్నాక, 1978లో ఆ ఇంజనీరుకే తెలిసింది, గాలి ఏటవాలుగా మూలల మీదకి కొడితే పడే ఒత్తిడి అనుకున్నదానికన్నా ఎక్కువని, పైగా లోపలి అతుకులు వెల్డింగ్ చేయకుండా బోల్టులతో సరిపెట్టారని! జనానికి చెప్పకుండా రాత్రిళ్లు వెల్డింగ్ చేయించారు, పగలు జనం మామూలుగా వచ్చి పని చేసుకుని వెళ్లారు. మధ్యలో ఒక తుఫాను అటే వస్తూ చివరికి సముద్రంలోకి మళ్లిపోయింది. అప్పుడే ఊళ్లో పేపర్ల వాళ్లు సమ్మెలో ఉండటంతో విషయం 1995 దాకా బయటికే రాలేదు. ఇదంతా వింటూ నేను ఎక్కడున్నానంటే, స్తంభాల మీద పోయే రైల్లో. దిగాక ఆ స్తంభాల్ని ఒకసారి కిందనుంచి పైదాకా చూసుకున్నాను.

గిన్నెలు తోముకునే ఇరవై నిమిషాలకి సాంగ్ ఎక్స్‌ప్లోడర్. పాట కట్టినవాళ్లే వచ్చి ముందు ఈ గిటార్ ముక్క, తర్వాత ఈ డ్రమ్ అని విడివిడిగా వినిపించి, చివర్లో పాట మొత్తం వేస్తారు. అడిగే హృషికేశ్ హిర్వే తన ప్రశ్నల్ని కూడా ఎడిటింగ్‌లో తీసేస్తాడు, ఎంత నిగ్రహం!

అతిథులతో తీరిగ్గా మాట్లాడుతూ అమిత్ వర్మ చేసే ది సీన్ అండ్ ది అన్‌సీన్ ఒక్కోసారి ఐదు గంటలు కూడా ఉంటుంది. భయపడకండి, నేను వారం పొడుగునా ఇస్త్రీ చేసుకుంటూ ముక్కలు ముక్కలుగా వింటాను, అది ఎపిసోడ్ కాదు, ఇంటికొచ్చిన చుట్టం. రాత్రి బట్టలు మడత పెట్టేటప్పుడు హర్షణీయం. తెలుగు కథలు, రచయితలతో, అనువాదకులతో కబుర్లు.

ఒక్క ఫిర్యాదు చెప్పాలి. ఈ మధ్య తెలుగులో రెండు కుర్చీలు, రెండు పెద్ద మైకులు, మూడు గంటలు, "ఎవరికీ తెలియని రహస్యాలు" అని హెడ్డింగ్ ఉంటే చాలు, పాడ్‌కాస్ట్ అంటున్నారు. మధ్యలో "ఇదిగో ఈ ఫోటో చూడండి" అంటారు. నేను చపాతీలు ఒత్తుతున్నాను నాయనా, ఎక్కడ చూడను?

యాప్ అంటే, ఆండ్రాయిడ్‌లో ఆంటెనాపాడ్ ఉచితం, అందులో యాడ్స్ ఉండవు. రాత్రి వైఫైలో డౌన్‌లోడ్ పెట్టుకుంటే పొద్దున సిగ్నల్ గొడవ ఉండదు. వంటింట్లో ఒక చెవికే పెట్టుకోండి, రెండోది కుక్కర్ కోసం.

ఇదంతా చెప్పి ఆ అమ్మాయిని "ఇంతకీ నువ్వు ఇంట్లో ఏం పని చేస్తావో చెప్పు, దాన్నిబట్టి పంపుతా" అన్నాను. కాసేపు ఆలోచించి "పనంతా మా అత్తయ్యే చేస్తుందక్కా" అంది. సరే అని కిరణ్‌ప్రభ గారి లింకు అత్తయ్యగారి నంబర్‌కే పంపించాను. నిన్న ఆవిడ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది, వెనకాల కుక్కర్ కూత, "ఇలాంటివి ఇంకా ఉంటే పంపమ్మా" అని.