హోసన్నా అంటే జయమేనా?

మట్టల ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం మా గుడి ఆవరణలో కత్తుల చప్పుడే. యూత్ కుర్రాళ్లు చెరువు గట్టుకెళ్లి ఈత మట్టలు కొట్టుకొస్తారు. ఈత మట్ట మొదట్లో సూదుల్లాంటి ముళ్లుంటాయి. వాటిని చెక్కకుండా సండే స్కూల్ పిల్లల చేతికిస్తే పాటకన్నా ముందు ఏడుపు వినపడుతుంది. ఏటా ఆ ముళ్లు చెక్కే పని నాది. పోయినసారి చెక్కుతూ చెక్కుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాను.

యేసు యెరూషలేములోకి వస్తుంటే జనం మట్టలు పట్టుకుని కేకలేసిన రోజే మట్టల ఆదివారం. మన బైబిల్లో ఆ కేకలున్న మత్తయి 21:9 తీయండి. “దావీదు కుమారునికి జయము” అని ఉంటుంది. పాటలో హోసన్నా అంటాం, చదివేటప్పుడు జయము అంటాం, రెండూ ఒకటే అనుకుంటూ పెరిగాం. కానీ హోసన్నా 118వ కీర్తన 25వ వచనంలోని హెబ్రీ మాట. అక్కడ మన తెలుగులోనే ఉంది: “యెహోవా, దయచేసి నన్ను రక్షించుము.” జయము గెలిచినవాడి మాట. రక్షించమనేది ఇరుకున పడ్డవాడి కేక. యేసు కాలానికే అది స్తుతిగా మారిందనే పండితులున్నారు కాబట్టి అనువాదకుల్ని తప్పుపట్టను. అయినా ఆ రోజు ఒలీవ కొండ దిగుతున్న జనం ఎవరు? కైసరుకు పన్ను కట్టేవాళ్లు, యూదుల పస్కాకి నలుగురూ చేరితే రోమా సైనికుల కాపలాలో పండుగ చేసుకునేవాళ్లు. ఆ స్తుతి అడుగున మొర లేకుండా ఉంటుందా?

మనం ఈ పండుగకి మట్టల పేరు పెట్టుకున్నాం. అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు ‘అహద్ అష్షఆనీన్’ అంటారు. షఆనీన్ అన్నది హోసన్నాలోంచి పుట్టిన మాటే. మట్ట మన దగ్గరుంది, కేక వాళ్ల దగ్గరుంది.

అరబ్బుల్లో క్రైస్తవులా అని అడిగేవాళ్లు మన సంఘాల్లో ఇప్పటికీ ఉన్నారు. మా పిన్ని కూడా యెరూషలేము యాత్రకు వెళ్లేదాకా అంతే. బేత్లెహేములో ఒలీవ చెక్క సిలువ కొంటుంటే, దుకాణదారు అరబ్బీలో పరలోక ప్రార్థన చెప్పి వినిపించాడట. మర్నాడు ఆమె ఒలీవ కొండ మీది బేత్పగే నుంచి యెరూషలేము పాత పట్టణం దాకా నడిచింది. ఏటా మట్టల ఊరేగింపు సాగే దారి అదే. ఆ దుకాణం నుంచి పది కిలోమీటర్లు ఉంటుందేమో. కానీ ఆ దుకాణదారు అక్కడ మట్ట పట్టుకోవాలంటే ఇజ్రాయెల్ ఇచ్చే పర్మిట్ కావాలి. బేత్లెహేము 1967 నుంచి ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న నేల, పైగా 2002లో ఇజ్రాయెల్ కట్టడం మొదలుపెట్టిన గోడ అడ్డం. గుంటూరు నుంచి వెళ్లిన మా పిన్నికి మాత్రం ఏ అడ్డూ లేదు.

2025లో మట్టల ఆదివారం ఏప్రిల్ 13న వచ్చింది. ఆ తెల్లవారుజామున గాజా నగరంలో అల్ అహ్లీ ఆసుపత్రి మీద ఇజ్రాయెల్ క్షిపణులు పడ్డాయి. హమాస్ అక్కడి నుంచి పనిచేస్తోందని సైన్యం చెప్పింది. ఖాళీ చేయమని కాస్త ముందు ఫోన్ చేశారు. తలకు గాయమై చికిత్సలో ఉన్న ఒక బిడ్డ ఆ తరలింపు హడావిడిలో చనిపోయిందని, ఆసుపత్రిని నడిపే యెరూషలేము ఆంగ్లికన్ డయాసిస్ ప్రకటించింది. 1882లో ఆ ఆసుపత్రి పెట్టింది చర్చి మిషనరీ సొసైటీ. 1841లో మన బందరుకొచ్చి, తర్వాత నోబుల్ కాలేజీ పెట్టిన సొసైటీ కూడా అదే.

మన వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం ఆ బాంబుల వీడియోలు ప్రవచన నెరవేర్పు పేరుతో తిరుగుతాయి, కింద వరసగా ఆమెన్‌లు. 2023 అక్టోబరు 7న హమాస్ దాదాపు 1,200 మందిని చంపి, 251 మందిని బందీలుగా పట్టుకెళ్లింది. ఆ శవాల ముందు ఏడవాల్సిందే. అయితే లేఖనంలో ఇశ్రాయేలు అన్న పేరుందని ఇవాళ్టి ఒక ప్రభుత్వం వేసే ప్రతి బాంబుకీ ఆమెన్ ఎలా అంటాం? లూకా 19లో ఊరేగింపు కొండ దిగుతుండగా ప్రభువు పట్టణాన్ని చూశాడు. “నీవును ఈ నీ దినమందైనను సమాధాన సంబంధమైన సంగతులను తెలిసికొనినయెడల నీకెంతో మేలు” అన్నాడు. చుట్టూ అందరూ కేకలు వేస్తుంటే ఆయన ఏడుస్తూ అన్నాడు ఆ మాట.

ఈసారి ఊరేగింపు రామాలయం మలుపుకి రాగానే పాట ఆపి, 118వ కీర్తన 25వ వచనం ఒక్కసారి అందరిచేతా చెప్పిద్దామని మా పాస్టరు అయ్యగారిని అడిగాను. “మధ్యలో ఆపితే పిల్లలు కంగారుపడతారేమోనండీ” అన్నారు. కాసేపాగి, చూద్దాంలెండి అన్నారు. మట్టలైతే వచ్చేశాయి. ముళ్లు చెక్కాలి.