రైలుతో పందెం వేసిన రెండు డోర్ల కారు

జపాన్‌లోని నగోయాలో నాకు దొరికిన సెలవు ఒక్క ఆదివారమే. తోటివాళ్లు కోట చూడమన్నారు. నేను సబ్‌వేలో చివరి స్టేషన్ ఫుజిగావొకా దాకా పోయి, అక్కడ పట్టాలకు తగలకుండా తేలుతూ పోయే రైలెక్కి, నగకుతెలోని టొయోటా ఆటోమొబైల్ మ్యూజియానికి వెళ్లాను. అన్ని కార్లున్నా నన్ను నిలబెట్టేసింది ఒక్క బుల్లి కారు. గుండ్రటి వీపు, రెండే డోర్లు. టొయోటావాళ్లదే, పేరు టొయోపెట్ ఎస్‌ఏ.

యుద్ధంలో ఓడిన జపాన్‌లో కారు తయారుచెయ్యాలన్నా ఆక్రమణ సేనల అనుమతి కావాలి. 1947 జూన్‌లో వాళ్లు ఒప్పుకున్నది ఏడాదికి 300 చిన్న కార్లకు మాత్రమే. ఆ ఏడాదే వచ్చింది ఈ ఎస్‌ఏ. ఇంజిన్ 995 సీసీ, 27 హార్స్‌పవర్. 1948 ఆగస్టులో దీన్ని నగోయా నుంచి ఒసాకాకు ఎక్స్‌ప్రెస్ రైలుతో పందేనికి దింపారు. గంటకు సగటున 60 కిలోమీటర్ల చొప్పున 235 కిలోమీటర్లు పరిగెత్తి, రైలుకంటే 46 నిమిషాల ముందు చేరింది.

ఆ 46 అంకె నన్ను వదల్లేదు. ఇవాళ షింకన్‌సెన్ బుల్లెట్ రైలు నగోయా నుంచి ఒసాకాకు తీసుకునేది దాదాపు అంత సమయమే. మర్నాడు నేనూ ఒసాకా పోవాలి. షింకన్‌సెన్ టికెట్టు ఆరువేల యెన్ల పైమాటే. మన రూపాయల్లో లెక్కేస్తే ప్రాణం ఒప్పలేదు. దాదాపు సగం డబ్బుకే వచ్చే మామూలు రైళ్లు పట్టుకుని, మైబరాలో మారి, మూడు గంటలు కూర్చున్నాను.

సెకిగహరా కొండలు దాటుతుంటే మా పెదనాన్న గుర్తొచ్చాడు. నెల్లూరులో బాడుగకు అంబాసిడర్ నడిపేవాడు. కావలి నుంచి వచ్చేటప్పుడు, హైవేకి దగ్గరగా పట్టాలు కనిపించే చోట పినాకిని ఎక్స్‌ప్రెస్ పక్కకొస్తే చాలు, ఆయన కాలు యాక్సిలరేటర్ మీద బిగుసుకునేది. వెనక సీట్లో పిల్లలం కిటికీల్లోంచి చేతులూపుతూ కేకలు పెట్టేవాళ్లం. గెలిచిన రోజు ఊళ్లో అందరికీ చెప్పేవాడు, "పినాకినినే దాటించినా అబ్బయా" అని. బండి ఎంత స్పీడుతో పోయిందో ఎవరూ అడగరు. పినాకిని ఎంత వేగమో అందరికీ తెలుసు.

టొయోటావాళ్లు పట్టుకున్న కిటుకూ అదేననిపించింది. కారు ఎక్కే యోగమే లేని జనానికి హార్స్‌పవర్ చెప్పి ఏం లాభం? ఒసాకాకు రైలు ఎన్ని గంటలో మాత్రం ప్రతివాడికీ తెలుసు. ఎంత తెలివైన ప్రచారం!

కానీ బండి అమ్ముడుపోలేదు. 1952 దాకా తయారైనవి రెండొందల పైచిలుకే. సొంతానికి కారు కొనగలిగినవాళ్లు అరుదు. కొనేది టాక్సీలవాళ్లు. వాళ్లకు ఎక్కి దిగడానికి నాలుగు డోర్లు కావాలి, గతుకుల రోడ్లకు తట్టుకునే మొండి బండి కావాలి. 1949లో ట్రక్కు ఛాసిస్ మీద నాలుగు డోర్ల ఎస్‌డీ కట్టి ఇచ్చాకగానీ టాక్సీలవాళ్ల అవసరం తీరలేదు. మా పెదనాన్నను అడిగినా ఒక్క మాటలో తేల్చేసేవాడు: "రెండు డోర్ల బండికి బాడుగ ఎవుడిస్తాడబ్బయా?" పందెం గెలవడం చూసి చప్పట్లు కొట్టేవాడు, జేబులోంచి డబ్బు మాత్రం తీసేవాడు కాదు.

క్యోటో దాటాక జనం కిక్కిరిశారు. ఒసాకాలో దిగేసరికి వాన. టాక్సీ ఖర్చు వద్దనుకుంటూనే వరసలో నిలబడ్డాను. నల్లటి టొయోటా ఒకటి ముందుకొచ్చి ఆగింది. తెల్ల గ్లవుజుల డ్రైవర్ సీట్లోంచి కదలనేలేదు. ఎడమవైపు వెనక డోరు దానంతటదే పక్కకు జరిగి తెరుచుకుంది. పెట్టె పట్టుకుని, తల పెద్దగా వంచకుండానే ఎక్కేశాను.