అక్క పీటల మీద కూర్చోదు

శుభలేఖ ప్రూఫు వచ్చింది, ఒకసారి చూసి పెట్టవే అని అక్క ఫోన్ చేస్తే పొద్దున్నే నరసాపురం వెళ్ళాను. తీరా చూస్తే అక్కడ అక్షరదోషాల గొడవ కాదు. అరుగు మీద పెదనాన్న, బాబాయి, పెద్దత్తయ్య కూర్చుని అక్క కూతురి పెళ్ళిలో కన్యాదానం ఎవరు చెయ్యాలో తేల్చేస్తున్నారు. అక్కతో ఎప్పుడో విడాకులైన బావని పిలవాలట. పిలిచి ఊరుకోవడం కాదు, అక్కా ఆయనా పక్కపక్కన పీటల మీద కూర్చోవాలట. "ఒక్క గంట సర్దుకుంటే పోయేదేముందమ్మా, పిల్ల పెళ్ళి కదా" అన్నారు పెదనాన్న. దాళ్వా ఊడ్పులకి మనుషులు దొరక్క ఆయన తల పట్టుకుని ఉన్నారు. ఇదొకటి తేలిపోతే చేలోకి వెళ్ళిపోదామని తొందర.

సంబంధం మంచిది. అబ్బాయి నెమ్మదస్తుడు, పిల్లని చూసి నవ్వే నవ్వులో కల్మషం లేదు. మాఘంలో ముహూర్తం. అసలు ఈ రాత్రి ఆ సంతోషం గురించే రాద్దామని కూర్చున్నాను. కానీ బాబాయి అన్న మాటలు నన్ను వదలడం లేదు.

"విడాకులు ఇద్దరూ ఒప్పుకునేగా తీసుకున్నారు? రెండు చేతులూ కలవకపోతే చప్పుడెక్కడిదమ్మాయ్?" అన్నాడు. అక్కడితో ఆగలేదు. "అయినా పెళ్ళయ్యాక ఇంకొకళ్ళతో సంబంధం తప్పు కాదని సుప్రీంకోర్టే కొట్టేసింది, ఇంకా ఎన్నాళ్ళు మోస్తారు" అన్నాడు.

ఈ రెండు మాటలూ మా చుట్టాల్లో చాలామంది నోట విన్నాను. రెండూ తప్పే. కోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టేసింది 497వ సెక్షన్ని. 1860 నాటి శిక్షాస్మృతిలోది అది. దాని ప్రకారం పెళ్ళయిన ఆడదానితో ఇంకో మగవాడు సంబంధం పెట్టుకుంటే, ఆమె భర్త వెళ్ళి ఆ మగవాడి మీద కేసు పెట్టొచ్చు. అదే భర్త ఇంకో చోట కాపురం పెడితే కట్టుకున్న భార్య ఆయన మీద కేసు పెట్టడానికి అందులో దారి లేదు. అంటే అది భర్త హక్కుని కాపాడే చట్టం తప్ప మా అక్కలాంటి వాళ్ళకి ఏనాడూ అక్కరకొచ్చింది కాదు. భార్య భర్త సొత్తు కాదనే కదా జడ్జీలు దాన్ని తీసేసింది. జైలుకి పంపే నేరం కాదన్నారు, అంతే. విడాకులు అడగడానికి అది కారణంగా అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఆ ముక్క ఎవరూ చెరపలేదు. ఇదంతా అరుగు మీదే చెప్పాను. బాబాయి కండువా దులుపుకుని "నువ్వు చదువుకున్నదానివి" అన్నాడు. అది జవాబా?

ఇక ఒప్పుకోవడం. ఆ రోజుల్లో వకీలుగారు అక్కకి రెండు దార్లు చెప్పారు. ఆయన వేరే ఆవిడతో ఉంటున్నాడని కేసు వేస్తే సాక్షులు కావాలి, తేదీలు కావాలి, ఎదుటివాళ్ళు నీ మీద ఏదైనా అంటారు, ఏళ్ళు పడుతుంది. అదే హిందూ వివాహ చట్టంలో ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే 13-బి సెక్షన్ కింద వేస్తే, ఏడాదిగా విడిగా ఉంటున్నారు కాబట్టి ఇద్దరూ సంతకం పెట్టి, ఆరు నెలలాగి మళ్ళీ వెళ్ళి మాట చెబితే అయిపోతుంది. పిల్ల బళ్ళో చేరింది, దాని తండ్రి కథ కోర్టు వరండాలో అందరి నోళ్ళలో నానకూడదని అక్క రెండో దారి పట్టింది. దాంతో ఆ కాగితం మీద కారణం లేదు. రెండు సంతకాలే ఉన్నాయి. ఇప్పుడు ఆ సంతకాన్ని చూపించి, చూశావా నువ్వూ ఒప్పుకున్నావు కదా అంటున్నారు. విడిపోవడానికి ఒప్పుకుంది. ఆయన చేసినదానికి ఒప్పుకోలేదు. ఇంత చిన్న తేడా పెద్దవాళ్ళకి ఎందుకు తెలియదో నాకర్థం కాదు.

గోదావరి దాటించే పంటు మీద జరిగిన సంగతి ఇదివరకు ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. పిల్లకి అప్పుడు ఐదేళ్ళు. భీష్మ ఏకాదశి. అంతర్వేదిలో రథం చూద్దామని అక్కా నేనూ పిల్లని తీసుకుని నరసాపురం రేవులో పంటు ఎక్కాం. బావకి కాకినాడలో క్యాంపు, రెండ్రోజుల దాకా రానని చెప్పాడు. తీర్థం జనం, సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు, చెరుకు గడలు, పంటు మీద కాలు పెట్టే సందు లేదు. కట్టు విప్పి కాస్త దూరం వెళ్ళాక పిల్ల "నాన్న! నాన్న!" అని ఎగిరింది. అటు చివర బండి పట్టుకుని బావ. బండి మీద చెయ్యేసి ఆవిడ. ఆవిడ మెళ్ళో పసుపుతాడు ఉందో లేదో చూసే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

పిల్ల గొంతు ఆయనకి వినబడింది. వినబడిందని నాకెలా తెలుసంటే, భుజం ఒక్కసారి అదిరింది. తర్వాత మెల్లగా మొహం గోదావరి వైపు తిప్పుకున్నాడు. ఇది మళ్ళీ పిలిచింది. మళ్ళీ. పక్కనున్నవాళ్ళు కూడా చూస్తున్నారు. రోడ్డయితే ఆయన బండి తీసుకుని వెళ్ళిపోయేవాడు, లేదా మేమే పక్క సందులోకి తిరిగేవాళ్ళం. నది మధ్యలో ఎటు పోతారు? సఖినేటిపల్లి రేవు వచ్చేదాకా అందరం అదే చెక్కల మీద నిలబడాలి. అక్క వంగి పిల్ల చెవిలో "నాన్న కాదమ్మా. నాన్నలా ఉన్నారంతే" అంది. అంత జనంలోనూ ఆ మాట నాకు స్పష్టంగా వినిపించింది. రేవులో దిగాక అంతర్వేది వెళ్ళాం, రథమూ చూశాం. పిల్లకి బొమ్మ కొనిపెట్టింది అక్క. ఆ రోజంతా బావ పేరు ఎత్తలేదు.

అక్క వైపు ఏ లోపమూ లేదని నేనెప్పుడూ అనలేదు. కోపం వస్తే నెల్లాళ్ళు మాట్లాడేది కాదు. పండక్కి వచ్చి పుట్టింట్లోనే ఉండిపోయేది. అత్తారిల్లు తనకి ఏనాడూ ఇల్లనిపించలేదు, ఆ సంగతి తనే చెబుతుంది. కాపురం సరిగ్గా సాగకపోవడంలో తన పాలు తనది. బావకి ఊపిరాడలేదేమో, అదీ నిజమే కావచ్చు. అయితే నాకు కుదరడం లేదు, వెళ్ళిపోతాను అని చెప్పే నోరు ఆయనకి ఉంది. పెద్దల్ని కూర్చోబెట్టి చెప్పొచ్చు. చెప్పి వెళ్ళినవాణ్ణి ఇంత కాలం ఇలా తలుచుకుని ఉండేదాన్ని కాదు. క్యాంపు అని అబద్ధం చెప్పడంలో అక్క వాటా ఏముంది? కన్నకూతురు పిలుస్తుంటే మొహం తిప్పుకోవడంలో ఏముంది? ఆవిణ్ణి తిట్టడం కూడా నాకు రుచించదు. మా పెద్దత్తయ్య ఇప్పటికీ ఆవిణ్ణే శాపనార్థాలు పెడుతుంది. ఆవిడ మా అక్కకి ఏ ప్రమాణమూ చెయ్యలేదు. చేసినాయన వేరు.

ఆ ప్రమాణమే ఇప్పుడు ఆయన చేత అడిగిస్తారట. కన్యాదానంలో పిల్ల తండ్రి అల్లుణ్ణి అడుగుతాడు, ధర్మంలో, అర్థంలో, కామంలో ఈమెని దాటి వెళ్ళకు అని. నాతిచరామి అని పెళ్ళికొడుకు అంటాడు. అంతకుముందు కాళ్ళు కడగాలి. అక్క చెంబుతో నీళ్ళు పోస్తుంటే బావ అల్లుడి కాళ్ళు కడగాలి. వంటింట్లో అడిగాను, నీకు ఇష్టమేనా అని. లేసు అల్లుతున్న చెయ్యి ఆపకుండానే "నీళ్ళు పొయ్యడానికి నాకు చేతులు రావే" అంది. అరుగు మీద అడిగితే మాత్రం "మీ అందరి ఇష్టం" అంటుంది. ఆ మాటని ఒప్పుకోలు కింద రాసుకోవడానికి మా వాళ్ళు సిద్ధం.

నేను గట్టిగానే చెప్పాను. కార్డులో ఆయన పేరే ఉండకూడదన్నాను. సాయంత్రం బస్సులో వస్తున్నంతసేపూ అదే న్యాయమనిపించింది.

రాత్రి భోజనాలయ్యాక పిల్ల హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. వాళ్ళమ్మ చెప్పిందట. "పేరు వెయ్యండి పిన్నీ" అంది. నీకేం తెలుసే, చిన్నపిల్లవి అప్పుడు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "పంటు మీద ఉన్నది నాన్నేనని నాకు అప్పుడే తెలుసు. ఆ చొక్కా నాకు తెలుసు. నాన్న కాదని అమ్మ ఒకసారి చెప్పింది కదా, మళ్ళీ అచ్చేసి చెప్పకండి."

నా దగ్గర మాట లేదు. ఇన్నేళ్ళూ దానికి గుర్తు లేదనే అనుకున్నాం. పేరు తీసేస్తే ఆయనకి శిక్ష అనుకున్నాను. తీసేస్తే తండ్రిగా ఆయన ఇవ్వాల్సిన లెక్క కూడా తీసేసినట్టేనని ఇప్పుడనిపిస్తోంది. పిల్ల ఫీజులకి ఆయన రూపాయి పంపలేదు, అక్క కళ్ళు పాడుచేసుకుని లేసు అల్లి చదివించింది. అయినా ఆయన తండ్రే. శుభలేఖ చదివిన ప్రతివాళ్ళూ ఈయన ఎక్కడున్నాడు ఇంతకాలం అని అడగనీ. వచ్చి ముందు వరసలో కూర్చుని ఆ మాటలు విననీ. పేరు విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పీటల విషయంలో తీసుకోను. నన్నూ మా ఆయన్నీ కూర్చోమని పిల్ల అడిగింది. మా ఆయన సరేనన్నారు కూడా. నాకే మనసొప్పడం లేదు. కన్నదీ పెంచినదీ అక్క అయితే, భర్త వదిలేశాడని పక్కన నిలబెట్టి నన్ను కూర్చోబెడతారా? అక్క ఒక్కతే కూర్చుంటే కన్యాదానం చేయిస్తారేమో మా పురోహితుణ్ణి రేపు అడుగుతాను. కుదరదంటే భీమవరం వైపు, రాజోలు వైపు ఇంకో ఇద్దర్ని అడుగుతాను. ఎవరూ ఒప్పుకోకపోతే అప్పుడు మేం కూర్చుంటాం, అదీ అక్క తన నోటితో చెబితేనే.

పెదనాన్న తెల్లారేసరికి చేలోకి వెళ్ళిపోతారు. అంతకుముందే ఫోన్ చేసి, బావ పక్కన అక్క కూర్చోదని చెప్పెయ్యాలి.