రెండు డెసిబెల్స్ మాయ

షాపులో స్పీకర్లు ఎంచుకుందామని కళ్లు మూసుకుని వింటున్నాను. రెండో జత పెట్టగానే "ఇదే, ఇంకేమీ చూడక్కర్లేదు" అనేశాను. తబలా మీద వేలు పడ్డ చప్పుడు కూడా విడిగా వినిపిస్తోంది మరి!

పక్కనున్న ఫ్రెండ్ ఫోన్‌లో శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలిచే మీటర్ చూపించాడు. మొదటి జత కంటే ఇది 2 డెసిబెల్స్ గట్టిగా మోగుతోంది. వాల్యూమ్ ఎవరూ ముట్టుకోలేదు, ఈ స్పీకర్ల సెన్సిటివిటీయే ఎక్కువ, అంటే అదే వాల్యూమ్‌కి ఇవి ఇంకాస్త గట్టిగా మోగుతాయి. కాస్త గట్టిగా ఉంటే చాలు, చెవి అదే బాగుందనేస్తుంది.

రెండు జతల శబ్దం సమానం చేసి మళ్లీ విన్నాను. ఏది ఏదో చెప్పలేకపోయాను. లక్షణంగా తల గోక్కున్నాను.

పైగా అక్కడ స్పీకర్లు గోడకి మీటరు దూరంలో ఉన్నాయి. మా హాల్లో మూలకి నెట్టాల్సిందే, అక్కడ బేస్ మరీ ఎక్కువై బూమ్‌మంటుంది. నెల రోజులు చదివిన రివ్యూలు ఆ మూల ముందు దండగే.

ఓ జత ఇంటికి తెచ్చుకుని నాలుగు రోజులు వింటానన్నాను, ఒప్పుకున్నారు. సోఫా జరపాలని మాత్రం ఇంట్లో ఇంకా చెప్పలేదు.