కొరాపుట్ కొండల నుంచి పగడపు దిబ్బలకు: తిరుగు టికెట్ ముందు తేల్చుకోండి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు నుంచి స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్ తగిలించుకుని సముద్రం లోపల ఈదడం) కోసం అండమాన్ వెళ్లేవాళ్లు చాలామంది ముందు విమానం టికెట్లు కొనేసి, డైవింగ్‌ని మిగిలిన రోజుల్లో ఇరికిస్తారు. అలా కాదు. నీళ్లలోంచి ఆఖరిసారి ఎప్పుడు బయటికి వస్తారో తేల్చుకున్నాకే తిరుగు టికెట్ కొనాలి.

కారణం నైట్రోజన్. లోతులో ఎక్కువ ఒత్తిడితో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. పైకి వచ్చాక గంటల తరబడి మెల్లగా ఊపిరితో బయటికి పోతుంది. ఈలోపే విమానం ఎక్కితే, క్యాబిన్‌లో ఒత్తిడి దాదాపు 2,400 మీటర్ల కొండ మీద ఉన్నంతకు తగ్గవచ్చు. సోడా మూత తీస్తే పొంగినట్టు మిగిలిన నైట్రోజన్ బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పి, తిమ్మిరి, ముదిరితే కాళ్లు చచ్చుబడటం దాకా పోతుంది. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరసగా చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. నేనైతే 24 గంటలే చెబుతాను.

మన కొండ జిల్లాల వాళ్లకు ఇంకో మెలిక ఉంది. విశాఖ రుషికొండలో పొద్దున డైవ్ చేసి, సాయంత్రం సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కేస్తే? కొరాపుట్ 870 మీటర్ల ఎత్తున ఉంది. 600 మీటర్లు దాటిన ఎత్తుకు విమానం నియమమే వర్తిస్తుంది. ఆ రాత్రి కింద ఉండిపోవాలి.

గోపాలపూర్‌లో సముద్రం ఉండగా అంత దూరం ఎందుకంటే, పగడాలకు తేట నీళ్లు, వెలుగు కావాలి. మన తీరంలో రుషికుల్య, వంశధార, మహానది, గోదావరి తెచ్చే ఒండ్రు, మంచినీళ్లు వాటిని బతకనివ్వవు.

ఇక రోజుల లెక్క. బరంపురం హౌరా–చెన్నై లైన్ మీదే ఉంది కాబట్టి కోల్‌కతా అయినా చెన్నై అయినా రైలు దిగి విమానం ఎక్కవచ్చు. రైలు ఆలస్యమవుతుంది, మధ్యలో ఒక రాత్రి వదలండి. విశాఖ నుంచి ఓడ ఉంది గానీ రెండున్నర రోజులు పడుతుంది, తేదీలు నిలకడగా ఉండవు. సెలవు ఎక్కువ ఉన్నవాళ్లకే అది. పోర్ట్ బ్లెయిర్, అంటే 2024 నుంచి శ్రీ విజయపురం, చేరాక డైవింగ్ జరిగే హావ్‌లాక్ దీవికి (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) ఫెర్రీలో గంటన్నర నుంచి రెండున్నర గంటలు. సముద్రం పోటెత్తితే ఫెర్రీ రద్దవుతుంది. అందుకే విమానానికి ముందు రోజు మధ్యాహ్నానికే తిరిగి శ్రీ విజయపురం చేరాలి. నైట్రోజన్ లెక్కా దాంతోనే తీరిపోతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నీళ్లు ప్రశాంతంగా, 27–30 డిగ్రీల వెచ్చగా ఉంటాయి. మేలో గాలివాన మొదలవుతుంది.

ఈత రాకపోయినా శిక్షకుడి చేయి పట్టుకుని 12 మీటర్ల దాకా దిగే ఒక పూట డైవ్ చేయొచ్చు. అయితే మూడు నాలుగు రోజులు ఉండేవాళ్లకు ఓపెన్ వాటర్ కోర్సే (డైవర్‌గా తొలి సర్టిఫికెట్ ఇచ్చే శిక్షణ) మేలు. అది పట్టేది అన్ని రోజులే, సముద్రంలో నాలుగు డైవ్‌లు, 18 మీటర్ల లోతుకు అనుమతి. ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలాలి. చెరువులో ఈదినవాళ్లకు కష్టం కాదు. పాఠాలు ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో చదివేస్తే అక్కడ ఒక రోజు మిగులుతుంది. ఆరోగ్య ప్రశ్నల ఫారం కూడా ముందే తెప్పించుకోండి. ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్ లాంటివాటికి ఒక్కదానికి ‘అవును’ అని రాసినా డాక్టర్ సంతకం లేనిదే దించరు. ఆ సంతకం బరంపురంలో తేలిక, హావ్‌లాక్‌లో తలనొప్పి.

ఎక్కువమందిని వెనక్కి పంపేది చెవి. పది మీటర్ల లోతుకే ఒత్తిడి రెట్టింపవుతుంది, కాబట్టి అసలు తిప్పలు మొదటి పది మీటర్లలోనే. ముక్కు మూసి మెల్లగా ఊది, ప్రతి మీటరుకూ చెవులు సర్దుకోవాలి, నొప్పి పుట్టకముందే. నొప్పి వస్తే బలంగా ఊదకూడదు, ఒక మీటరు పైకి రావాలి. జలుబుతో దిగకండి. మాత్ర వేసుకుని దిగితే లోతులో ఉండగా దాని ప్రభావం తగ్గి, పైకి వచ్చేటప్పుడు గాలి చెవిలో చిక్కుకుపోతుంది.

గాలి లెక్క చిన్నదే. 200 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) నింపిన అల్యూమినియం సిలిండర్‌లో సుమారు 2,200 లీటర్లు. 50 బార్ మిగిల్చి పైకి రావాలి గనుక వాడేది 1,650. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి పది మీటర్లలో 40, పద్దెనిమిదిలో 56 లీటర్లవుతాయి. అంటే 41 నిమిషాలు ఒకచోట, అరగంట లోపు ఇంకోచోట. కంగారుపడితే ఇంకా తక్కువ. పైకి వచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్లు మించకూడదు, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి.

బరువుల బెల్టు ఎక్కువైతే కాళ్లు కిందికి జారి, కాళ్లకు తొడిగిన ఈత రెక్కలు పగడాలకు తగులుతాయి. పగడం రాయి కాదు, ప్రాణి. తాకితే దాని పైపొర చెదురుతుంది. తక్కువ బరువుతో మొదలుపెట్టండి, కానీ ఖాళీ అయ్యేసరికి ఆ సిలిండర్ రెండు కిలోలు తేలికవుతుందని గుర్తుంచుకోండి, లేకపోతే చివరి 5 మీటర్ల దగ్గర నిలవలేరు.

ఆఖరి రోజు సంచి సర్దేటప్పుడు ఒడ్డున ఏరిన పగడపు ముక్కలుంటే తీసి పారేయండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చచ్చిన పగడం తీసుకెళ్లడం కూడా నేరమే, విమానాశ్రయంలో సామాను చూస్తారు.