సిల్ఫ్రాలో మూడు సీసపు దిమ్మలు

ఐస్‌లాండ్‌లో గడిపిన ఐదు రోజుల్లో నాలుగింటి గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. వాన కురిసింది, గాలి విడవకుండా వీచింది, ఒక గిన్నెడు గొర్రె మాంసం సూపుకు పెట్టిన సొమ్ముతో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మా ఇంటికి వారానికి సరిపడా కూరగాయలు వచ్చేవి. మిగిలిన ఒక్క రోజు, అందులోనూ సిల్ఫ్రా చీలికలో రెండు డైవ్‌ల మధ్య గడిచిన గంటసేపు, ఇప్పటికీ నా మనసులో నుంచి కదలడం లేదు.

రేక్యవిక్ నుంచి 36వ నంబరు రోడ్డు మీద ముప్పావుగంట వెళ్తే థింగ్‌వెల్లిర్ జాతీయ ఉద్యానం వస్తుంది. 930వ సంవత్సరంలో ఐస్‌లాండ్ వాసులు ఆరుబయట తమ శాసనసభను కొలువు తీర్చిన చోటు అది. ఉత్తర అమెరికా, యురేషియా భూఫలకాలు ఏటా సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున ఒకదానికొకటి దూరమవుతున్న ఆ నేలలో సిల్ఫ్రా ఒక చీలిక. లాంగ్‌యోకుల్ హిమానీనదం కరిగిన నీరు లావా రాళ్ల గుండా దశాబ్దాల తరబడి వడకట్టుకుపోయి ఇందులో ఊరుతుంది. ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీల చలిలో ఉండే ఆ నీళ్లలో వంద మీటర్ల దూరం కూడా స్పష్టంగా కనిపిస్తుంది. డైవ్ చేయాలంటే లోపల గాలి పొరతో ఒంటిని తడవకుండా ఉంచే డ్రైసూట్ తప్పనిసరి, దాన్ని వాడిన అనుభవానికి రుజువు కూడా చూపాలి. నేను ఆ విద్యను లెస్టర్ దగ్గర నీరు నిండిన పాత రాతిక్వారీ స్టోనీ కోవ్‌లో రెండు చలికాలాలు నేర్చుకున్నాను కనుక, రెండు డైవ్‌లకు నలభై వేల క్రోనాలు దాటిన రుసుమును బాధపడుతూనే కట్టాను.

వ్యాను పక్కన గాలిలో నిలబడి రెండు పొరల లోదుస్తుల మీద అద్దె సూట్ తొడుక్కుంటుండగా, గైడ్ నన్ను ఒకసారి ఎగాదిగా చూసి నీళ్లలో మునగడానికి 14 కిలోల సీసం నడుము బెల్టుకు ఎక్కించింది. క్వారీలో, అదీ మంచినీళ్లే, నా సొంత సూట్‌తో నాకు 10 కిలోలు సరిపోయేవి. ఈ సూట్ మందమైన నియోప్రీన్ అనే నురుగు రబ్బరుది, తేలే గుణం ఎక్కువ కనుక మరికొంత కావలసిందే గానీ, ఏకంగా 4 కిలోలు ఎక్కువేమోనని అడిగాను. చలినీళ్లలో తేలిపోయేకన్నా కాస్త బరువుండటమే మేలని ఆమె చెప్పింది. మా గుంపులో ముగ్గురమూ వణుకుతున్నాం, నేను వాదించలేదు. అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో పల్చటి వెట్‌సూట్, 4 కిలోలతో సముద్రంలో దిగిన రోజులు గుర్తొచ్చాయి. ఉప్పునీరు మంచినీటి కన్నా రెండున్నర శాతం సాంద్రమైనది కనుక మనిషినీ సామగ్రినీ కలిపి 110 కిలోలైతే అక్కడ దాదాపు రెండుముప్పావు కిలోలు ఎక్కువే కావాలి. అయినా అక్కడ 4 కిలోలు చాలాయంటే, ఇక్కడి బరువంతా నేను తొడుక్కున్న గాలి కోసమే.

మొదటి డైవ్‌లో నేను చూసింది తక్కువ, పడిన అవస్థ ఎక్కువ. అదనపు సీసం కిందికి లాగుతుంటే తేలడానికి ఛాతీ మీది వాల్వ్ నొక్కి సూట్‌లోకి గాలి వదలవలసి వచ్చింది. చలినీళ్లలో ఆ మీటను ఎక్కువసేపు నొక్కి ఉంచితే వాల్వ్ గడ్డకట్టి తెరుచుకునే ఉండిపోవచ్చు కనుక కొద్దికొద్దిగా నొక్కాలి. ఆ గాలి ఒకచోట నిలవదు, శరీరంలో ఏ భాగం పైన ఉంటే అక్కడికి పాకుతుంది. తల ఎత్తితే భుజాల దగ్గర చేరింది, నడుము బరువుకు తుంటి కిందికి జారింది, నేను కుర్చీలో కూర్చున్నట్టు ఈదాను. నా పాదాలకు తొడిగిన ఫిన్స్ అడుగున మెత్తటి బూడిదరంగు మట్టిని లేపాయి. అద్దంలాంటి ఆ నీళ్లలో నా వెనుక మబ్బులా కమ్మిన మసక చూసి నాకు నిజంగా ఏడుపొచ్చింది, నా వెనుక వస్తున్నవాళ్లు కూడా ఆ నిర్మలత్వం కోసమే అంతదూరం వచ్చారు. ఒకసారి కిందికి వంగి చూడబోతే గాలంతా పాదాల్లోకి పరుగెత్తి బూట్లు ఉబ్బి కాళ్లు పైకి లేచాయి. మోకాళ్లు ముడిచి దొర్లి నిటారుగా అయ్యాక, ఎడమ భుజం మీది వాల్వ్ నుంచి గాలి బుడగలుగా పోయేదాకా గుండె దడదడలాడింది. సిల్ఫ్రాలో అనుమతించే లోతు 18 మీటర్లే, మా దారి చాలావరకు అంతకన్నా పైననే. ఘనపరిమాణం అతివేగంగా మారేది అక్కడే: 10 మీటర్ల లోతు నుంచి ఉపరితలానికి వస్తే సూట్‌లోని గాలి రెట్టింపవుతుంది. కనుక అవసరానికి మించి సీసం ఉంటే అవసరానికి మించిన గాలి ఉంటుంది, ఒక్క మీటరు పైకి లేచినా అది నన్ను పట్టి ఆడిస్తుంది.

చివర ఉన్న లగూన్ అనే మడుగు చేరేసరికి సిలిండర్‌లో గాలి పీడనం 70 బార్‌కు తగ్గింది. గైడ్ అప్పటికే నా తీరు గమనించినట్టుంది, ఇనుప మెట్ల దగ్గర ఆగి, బరువు సరిచూద్దామని తనే సైగ చేసింది. నిజానికి ఈ పరీక్ష డైవ్ చివరనే చేయాలి, ఎందుకంటే 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ గాలి బరువు సుమారు 3 కిలోలు, అది ఖర్చవుతున్నకొద్దీ మనిషి తేలికవుతాడు. సూట్‌లో చలి ఆగడానికి పనికొచ్చే పల్చటి పొర మాత్రం ఉంచి మిగతా గాలి వదిలేసి, నిండుగా ఊపిరి పీల్చి కదలకుండా ఉన్నాను. రాయిలా మునిగాను. ఆమె నా బెల్టు నుంచి కిలో దిమ్మ తీసి మెట్టు మీద పెట్టింది. మళ్లీ మునిగాను, కాస్త నెమ్మదిగా. రెండో దిమ్మ. మూడో దిమ్మ తీశాక నీటిమట్టం నా మాస్క్ అద్దానికి సరిగ్గా మధ్యలో నిలిచింది, ఊపిరి వదిలితే మెల్లగా కిందికి దిగాను. సిలిండర్ గాలి 50 బార్‌కు దిగేదాకా తగ్గే బరువు పావుకిలోనే కనుక అక్కడే ఆపాం. అంతకన్నా తీసేస్తే ఆఖర్లో కిందే ఉండటానికి సూట్‌ను పిండేసినట్టు ఖాళీ చేసుకోవాలి, అప్పుడు లోదుస్తులు అణిగిపోయి చలి నేరుగా ఒంటికి తగులుతుంది.

బరువు సరిపోయినా నా తుంటి ఇంకా జారుతోందని చెబితే, బెల్టులో మిగిలిన 11 కిలోల్లో 2 కిలోలు తీసి సిలిండర్ పైపట్టీకి, నా భుజాల దాపున, కట్టింది. నాకు వెంటనే మా అమలాపురం వైపు కొబ్బరికాయలు మోసే మనుషులు గుర్తొచ్చారు. కావడి ఒక పక్కకు ఒరిగితే వాళ్లు కాయలు తీసేయరు, కావడిబద్దను భుజం మీద రెండంగుళాలు జరుపుతారు. తాతయ్య తోటలో చిన్నప్పుడు ఆ బద్దను నేను భుజానికెత్తుకుంటే, ఒక బుట్ట నేలను గీకుతుంటే, బరువు చూడకు నడిమిని వెతుక్కో అని ఒకాయన చెప్పాడు. ఆ మాట ముప్పై ఏళ్ల తరువాత ఆర్కిటిక్ వలయానికి దగ్గరలో నాకు పనికొచ్చింది.

వేడి చాక్లెట్ తాగి, పెదవులకు స్పర్శ వచ్చాక మళ్లీ దిగాం. కెథెడ్రల్ అని పిలిచే భాగంలో సుమారు వంద మీటర్ల పొడవు ఒక్క చూపులో కనిపిస్తుంది. అక్కడ నేను చేతులు ముడుచుకుని, బోర్లా, నీళ్లలో చాప పరిచినట్టు ఆగాను. సూట్‌లో పల్చటి గాలి వీపంతా సమంగా పరుచుకుంది. ఊపిరి పీలిస్తే చేతి వెడల్పు లేస్తున్నాను, వదిలితే అంతే దిగుతున్నాను. కింద నీలం, గోడలకు వెంట్రుకల్లా వేలాడే పచ్చటి నాచు, మట్టి ఎక్కడా లేవలేదు. లగూన్‌లో చివరి మలుపు దాటాక వెనక్కి తిరిగి చూశాను, మేము వచ్చిన దారి మొత్తం తేటగా ఉంది.

వ్యానులో మొద్దుబారిన వేళ్లతో లాగ్‌బుక్‌లో రాసుకున్నాను: అద్దె నియోప్రీన్, మంచినీరు, 12 లీటర్ల స్టీలు సిలిండర్, 11 కిలోలు, 9 నడుముకు, 2 పైపట్టీకి. గైడ్ ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీసుకుంది. మరునాడు నా ఎత్తు మనిషే ఒకరు అదే సూట్ వేసుకోబోతున్నారట.